బల్లకు బిగిసిన స్టీరింగు

మా డ్రైవర్ల శిక్షణ కళాశాల గేటును మా కళాశాల బస్సే గుద్దింది. గేటు కొత్తది. ప్రారంభోత్సవం జరిగి పదకొండు రోజులే అయింది. నడుపుతున్న అభ్యర్థికి దెబ్బలేమీ తగల్లేదు. గేటు పక్కనున్న శిలాఫలకం మాత్రం, సరిగ్గా పై అధికారి పేరున్న చోట, రెండు ముక్కలైంది. కాస్త కిందికి, కాంట్రాక్టరు పేరు దగ్గర విరిగి ఉంటే అంత పట్టించుకునేవారు కాదని నా అభిప్రాయం.

వారం తిరక్కుండా ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఏ అభ్యర్థీ అరవై గంటలు నడిపిన అనుభవం వచ్చేదాకా బస్సును ముట్టుకోకూడదు. బస్సును ముట్టుకోకుండా ఆ అనుభవం ఎలా వస్తుందో రెండో పేరాలో వివరించారు. కంప్యూటరు తెర ముందు కూర్చుని, బొమ్మ స్టీరింగు పట్టుకుని, కారు పందేల ఆట ఆడితే వస్తుంది. దేశదేశాల్లో పిల్లలు ఈ పద్ధతిలోనే నిష్ణాతులవుతున్నట్టు ప్రధాన కార్యాలయానికి తెలియవచ్చిందట.

నా పేరు కూర్మారావు. ఆ కళాశాలలో సీనియర్ అసిస్టెంటుని. కాగితం మీద ఏది ఉందో అదే జరిగిందని నమ్మడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా శ్రద్ధగా నమ్ముతున్నాను. ఉత్తర్వు రాగానే బస్సు తాళాన్ని నా సొరుగులో పెట్టి, సొరుగుకు తాళం వేశాను.

ఆ మధ్యాహ్నమే సింహాద్రి మేస్టారు నా గదికి వచ్చాడు. ఆయన మా శిక్షకుడు. ఇరవై ఆరేళ్లలో ఆరేడు వందల మందికి బస్సు నేర్పాడు. ఆయన దగ్గర చేరినవాణ్ని మొదటి రోజు స్టీరింగు ముందు కూర్చోబెట్టడు. బస్సులో చివరి సీటులో కూర్చోబెట్టి, గోతుల రోడ్డు మీద సాయంత్రం దాకా తిప్పుతాడు. వెనకనున్న వాడి నడుం ఏమవుతుందో తెలిసినవాడే ముందు కూర్చోవాలని ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతానికి కాగితం లేదు కాబట్టి కళాశాల దాన్ని గుర్తించలేదు.

ఉత్తర్వు చదివి వినిపించాను. ఆయన విని, ఆ ఏడాది అభ్యర్థుల సంగతేమిటని అడిగాడు. పన్నెండు మంది ఉన్నారు. పదకొండు మంది మగవాళ్లు, ఒక ఆడమనిషి. ఆమె పేరు సూరీడమ్మ. భర్తకు కాలు పోయాక ఏడేళ్లు పాలవ్యాను నడిపి, పెద్ద బళ్ల లైసెన్సు తెచ్చుకుని, పరీక్షలో రెండో స్థానంలో నెగ్గి వచ్చింది. నిబంధన ప్రకారం నియామకం నాటికి ముప్పై ఐదేళ్లు నిండకూడదు. తొంభై రోజుల శిక్షణ ముగిసిన పన్నెండో రోజున ఆమెకు ముప్పై ఐదు నిండుతాయి. శిక్షణ పది రోజులు సాగినా ఫరవాలేదు, పదిహేను రోజులు సాగితే మళ్లీ పాలవ్యానే.

స్టీరింగు ఎంపికకు ఒక సంఘం వేశారు. అధ్యక్షుడు పరాంకుశం గారు, ప్రధాన కార్యాలయంలో ఆధునికీకరణ అధికారి. సభ్యుడు స్టోర్సు అధికారి లింగమూర్తి గారు. కార్యదర్శిని నేను. ముగ్గురిలో ఎవరికీ బండి నడపడం రాదు. సింహాద్రి మేస్టారిని కూడా చేర్చుకుందామని నేను నోట్ పెట్టాను. స్టీరింగుతో ప్రత్యక్ష సంబంధం ఉన్నవారు స్టీరింగు విషయంలో నిష్పక్షపాతంగా ఉండలేరని అధ్యక్షులు దాని మీద రాశారు. కావాలంటే ఆహ్వానితుడిగా పిలవవచ్చు, అడిగినప్పుడు మాత్రమే మాట్లాడాలి.

మొదటి సమావేశానికి ఊళ్లోని కంప్యూటర్ల దుకాణం నుంచి రెండు నమూనాలు తెప్పించాం. ఒకటి ఎర్రటిది, చిన్నది, చేటంత కూడా లేదు. ముప్పావు చుట్టు తిరిగి ఆగిపోతుంది. దానికి కాలితో తొక్కేవి రెండే, వేగానికొకటి, బ్రేకుకొకటి. రెండోది నల్లటిది, బరువైనది. రెండున్నర చుట్లు తిరుగుతుంది, క్లచ్చి కూడా ఉంది. పైగా లోపల మోటారు ఉండి, ఆటలో బండి గోతిలో పడితే స్టీరింగు చేతుల్లో అదురుతుంది. మలుపులో బండి జారుతుంటే బిగుసుకుని ఎదురు తిరుగుతుంది.

పరాంకుశం గారు రెంటినీ చెరో నిమిషం తిప్పి చూశారు. చిన్నది ముప్పావు చుట్టులోనే మలుపు పూర్తి చేస్తోందనీ, పెద్దది అదే పనికి రెండున్నర చుట్లు తీసుకుంటోందనీ, శ్రమ దృష్ట్యా చిన్నది మూడు రెట్లకు మించి సమర్థవంతమనీ తేల్చారు. తర్వాత ఆహ్వానితుణ్ని అడగమన్నారు. మన బస్సు స్టీరింగు ఈ చివర్నుంచి ఆ చివరికి అయిదు చుట్లకు తక్కువ తిరగదని మేస్టారు చెప్పాడు.

ఆ తర్వాత పరాంకుశం గారు చెప్పగా నేను రాసుకున్న వాక్యం ఇది: "సంస్థలోని బస్సుల స్టీరింగులు అవసరానికి మించి తిరుగుతున్నట్లు సంఘం దృష్టికి వచ్చినది. తగిన దిద్దుబాటు చర్యల నిమిత్తం వర్క్‌షాపు వారికి వ్రాయవలెను."

రాశాం. వర్క్‌షాపు నుంచి నేటికీ జవాబు లేదు.

రెండో సమావేశంలో అదురు సంగతి వచ్చింది. స్టోర్సు నియమావళి ప్రకారం, తెరిచిన రోజునే వణికే కొత్త వస్తువును లోపభూయిష్టంగా పరిగణించి తిప్పి పంపాలని లింగమూర్తి గారు గుర్తుచేశారు. వణకడమే దాని గుణమని దుకాణదారు చెప్పబోయాడు. గుణమైనా లోపమైనా కాలమ్ ఒకటేనని లింగమూర్తి గారు ఆయన్ను కూర్చోబెట్టారు.

మేస్టారు అడగకుండానే లేచాడు. "సేతికి రోడ్డు తెలవాల బాబూ," అన్నాడు. "గొయ్యి కంటికి కనపడేసరికే ఆలీసం అయిపోద్ది. సేతికే ముందు తెలుస్తాది. అదరని స్టీరింగు పట్టుకుని నేర్సుకున్నోడు, అదిరిన నాడు ఒగ్గీసి దణ్ణం ఎట్టీస్తాడు."

రోడ్డు పరిస్థితిని అభ్యర్థులకు రాతపూర్వకంగా తెలియజేసే ఏర్పాటు చేయవచ్చునని పరాంకుశం గారు అన్నారు. క్లచ్చి లేకపోతే ఎడమకాలు ఏం చెయ్యాలని మేస్టారు అడిగాడు. ఎడమకాలికి విశ్రాంతి లభిస్తుంది, అది ఉద్యోగి సంక్షేమం కిందకు వస్తుందన్నారు. ఆహ్వానితుడు అడగకుండా మాట్లాడినందుకు చిన్న మందలింపు నమోదు చేయమన్నారు. చేశాను.

అయినా నల్లదాని వైపు నాకు కొంత ఆశ మిగిలే ఉంది. దుకాణదారు ఇంకో వారం వ్యవధి ఇస్తే అయిదు చుట్లకు దగ్గరగా తిరిగేదొకటి తెప్పిస్తానన్నాడు కూడా. కానీ చివరికి స్టీరింగును ఎంపిక చేసింది సంఘం కాదు, బల్ల. ఈ స్టీరింగులకు కింద మరబిగింపు ఉంటుంది, దాంతో బల్ల అంచుకు బిగించాలి. మా బల్ల పాతకాలపు టేకుది, అంచు అరచేతి మందం. నల్లదాని బిగింపు దానికి పట్టలేదు, ఎర్రదానిది పట్టింది. అంచు కాస్త చెక్కిస్తే సరిపోతుందని నేనన్నాను. బల్ల రిజిస్టరులో ఉన్న ఆస్తి, చెక్కాలంటే ముందు దాన్ని నిరుపయోగమైనదిగా ప్రకటించాలి, ప్రకటించిన బల్లను వాడకూడదు. కాబట్టి ఎర్రది. ఎంపిక సంఘం నివేదిక డెబ్భై నాలుగు పేజీలు, అందులో అరవై పేజీలు అనుబంధాలు. నలభై అయిదు రోజులు పట్టింది.

పన్నెండు మందికి ఒకే స్టీరింగు. మనిషికి అరవై గంటల చొప్పున, రోజుకు ఎనిమిది గంటలు ఆడినా తొంభై రోజులు కావాలి. మిగిలినవి నలభై అయిదు. ఈ లెక్క రాసి పంపితే ప్రధాన కార్యాలయం ఉదారంగా అరవైని ముప్పై చేసింది. మిగతా ముప్పై గంటల అనుభవం ఏమైందని సూరీడమ్మ నన్ను అడిగింది. రద్దయిందని చెప్పాను.

ఇక స్టీరింగును స్టోర్సు నుంచి విడుదల చేయించాలి. అది వాహన విడిభాగాల పద్దులో కొన్నది. విడిభాగాన్ని వాహనం నంబరు మీద తప్ప ఇవ్వరు. బల్లకు నంబరు లేదు. లింగమూర్తి గారు ఒక పూట ఆలోచించి, స్టీరింగుకే వాహనం నంబరు ఇచ్చారు. నాలుగు వేల నూట పదిహేడు. ఆ నంబరును తెల్లరంగుతో బల్ల మీద రాయించారు. నంబరు వచ్చింది కనుక దినచర్య పుస్తకం వచ్చింది. రోజూ తిరిగిన కిలోమీటర్లు, తాగిన డీజిలు, ప్రమాదాలు, ప్రయాణికుల ఫిర్యాదులు అందులో రాసి నెలనెలా పై కార్యాలయానికి పంపడం నా పని.

ఆటలో పందెం ఏదో సముద్రతీరపు పట్నంలో జరిగేది. మొదటి రోజు కుర్ర అభ్యర్థులు గంటకు రెండు వందల నలభై దాకా వెళ్లారు. ఆ సంగతి పుస్తకంలో నిజాయితీగా రాశాను. మూడో రోజున అతివేగానికి నలుగురికి మెమోలు వచ్చాయి. సంస్థ వాహనం ఏదైనా అరవై దాటరాదు. అప్పటినుంచి అందరూ అరవైలోనే వెళ్లారు. వెనకనుంచి పందెం కార్లు వచ్చి గుద్దేవి. గుద్దినప్పుడల్లా ప్రమాద నివేదిక పంపాలి. ఎదుటి వాహనదారుడి పేరు, తండ్రి పేరు, చిరునామా అనే గళ్లు ఖాళీగా ఉన్నాయని అవి తిరిగొచ్చేవి.

సూరీడమ్మ ఒక్కతే ప్రమాదం లేకుండా నడిపింది. ఆమె ఎడమ పక్కన మెల్లగా పోయేది. వెనక కారు వస్తే పక్కకు తీసి ఆగి, అది పోయాక మళ్లీ కదిలేది. ముప్పై గంటలూ ప్రతి పందెంలో ఆఖరున వచ్చింది. ఆట ముగిసినప్పుడు తెర మీద ఆమె పేరు అట్టడుగున మెరిసేది. తనిఖీకి వచ్చిన పరాంకుశం గారు అది చూసి, చివరివరకూ పోటీలో నిలిచిన అభ్యర్థిగా ఆమెను అభినందించారు. ఆమె కూర్చున్నచోటినుంచి లేచి నమస్కారం పెట్టింది. ఆయన వెళ్లిపోయాక నా వైపు తిరిగి, "బాబూ, ఈ బొమ్మను తిప్పితిప్పి నా సేతులు పాడైపోతన్నాయి. బస్సు ఎక్కితే మళ్లీ నేర్సుకోవాలేమో," అంది. వేళాకోళం చేస్తోందనుకున్నాను. ఆమె ముఖం చూస్తే అలా లేదు.

తొంభయ్యో రోజున పన్నెండు యోగ్యతాపత్రాలు తయారుచేసి సింహాద్రి మేస్టారి ముందు పెట్టాను. ఆయన ఒక్కదాని మీదా సంతకం పెట్టలేదు. వీళ్లు బస్సు నడపగా తాను చూడలేదన్నాడు. అరవై గంటలూ కాకపోయినా ముప్పై గంటలు అయ్యాయి కదా, ఇప్పుడు బస్సు ఇవ్వమన్నాడు. శిక్షణ కాలం ముగిసింది కనుక శిక్షణకు బస్సు ఇవ్వడం కుదరదని నేను చెప్పాను. సూరీడమ్మ సంగతి గుర్తుచేశాను. ఆమె పాలవ్యాను నడిపిన చెయ్యి, ఆమెకైనా పెట్టమన్నాను.

ఆయన సూరీడమ్మ పత్రాన్ని వేరుగా తీసి పట్టుకున్నాడు. "ఆవిడికి ఇప్పుడే ఎట్టీగలను," అన్నాడు. "రేపు కొండ ఘాటీలో బ్రేకు ఎప్పుడు ఎయ్యకూడదో ఆవిడికి తెలకపోతే, యాభైమంది ఉసురు నా సంతకం కింద ఉంటాది. వద్దు బాబూ."

ఆ మాట సూరీడమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, గుమ్మం అవతలే ఉంది. ఏడవలేదు, బతిమాలలేదు. మేస్టారు చెప్పింది నిజమే అని మాత్రం అంది. మర్నాటినుంచి ప్రతి ఉదయం వచ్చి నా గది బయట బెంచీ మీద కూర్చునేది. పన్నెండు రోజుల్లో నాలుగు అలా అయిపోయాయి.

అయిదో రోజున ప్రధాన కార్యాలయం నుంచి రూట్ల ఉత్తర్వు వచ్చింది. మా జిల్లాలో కొండతామరపల్లి అనే ఊరుంది. ఘాటీ ఎక్కి నలభై రెండు కిలోమీటర్లు. రోజుకు ఒక్కటే బస్సు, అదీ ముసలిది. వారానికి రెండుసార్లు ఆగిపోయేది, డీజిలు విపరీతంగా తాగేది. దాని లెక్కల పక్కనే, నేను పంపిన నెలవారీ పట్టికలో, పై వాళ్లకు వాహనం నాలుగు వేల నూట పదిహేడు కనిపించింది. పద్నాలుగు వేల పైచిలుకు కిలోమీటర్లు, డీజిలు సున్నా, ఆగిపోవడాలు సున్నా, ప్రయాణికుల ఫిర్యాదులు సున్నా. సంస్థ చరిత్రలో ఇంతటి వాహనం లేదు. అందుచేత ముసలి బస్సును తుక్కుకు పంపి, కొండతామరపల్లి రూటును వెంటనే నాలుగు వేల నూట పదిహేడుకు అప్పగించారు. ఆ వాహనం మీద ప్రమాదం లేకుండా నడిపిన ఏకైక వ్యక్తి కనుక డ్రైవరుగా సూరీడమ్మను తీసుకోవాలని, యోగ్యతాపత్రం అందిన నాటినుంచి నియామకం వర్తిస్తుందని రాశారు.

సదరు వాహనం బల్లకు బిగించిన స్టీరింగు మాత్రమేనని వినయంగా తెలియజేస్తూ వెంటనే లేఖ పంపాను. పరాంకుశం గారు అదే రోజు జవాబిచ్చారు. వాహనం ఆకృతిపై వ్యాఖ్యానించడం సీనియర్ అసిస్టెంటు పరిధిలోకి రాదు. ఫలితాలు మాట్లాడుతున్నాయి.

రెండు రోజులు కొండతామరపల్లికి బస్సు లేదు. మూడో రోజు పొద్దున్న ఆరున్నరకు కళాశాల ఆవరణలోకి ముప్పై నలభై మంది వచ్చారు. కొత్త బస్సు ఇక్కడినుంచే బయల్దేరుతుందని బస్టాండులో నోటీసు అంటించారట. చింతపండు అమ్ముకుని ఊరికి తిరిగిపోయే ఆడవాళ్లు, ఇద్దరు పంతుళ్లు, ఆస్పత్రిలో కానుపై అయిదు రోజుల బిడ్డతో ఇంటికి వెళ్లాల్సిన ఒక పిల్లతల్లి, ఆమె తండ్రి. రెండు రాత్రులు ఆస్పత్రి వరండాలోనే పడుకున్నారట. ఆ తండ్రి నన్ను బస్సు ఎక్కడని అడిగాడు. అడిగినవారికి వాహనాన్ని చూపించడం నా విధి. గదిలోకి తీసుకువెళ్లి చూపించాను.

అతను స్టీరింగునూ, బల్లనూ, బల్ల మీది నంబరునూ చూశాడు. చుట్టూ తిరిగి వెనకవైపు కూడా చూశాడు. నోటీసులో నంబరూ ఇదీ ఒకటేనని పంతులొకాయన చదివి చెప్పాడు. అతను తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "బాబూ, బాలింతరాలు ఉంది. ఎక్కడ కూకోబెట్టమంటారు?" అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు.

ఇరవై రెండేళ్ల సర్వీసులో అడిగినదానికి కాగితం చూపలేకపోవడం నాకు అదే మొదటిసారి.

బెంచీ మీద సూరీడమ్మ ఉంది, షెడ్డు దగ్గర సింహాద్రి మేస్టారు ఉన్నాడు. షెడ్డులో కళాశాల బస్సు నూట రెండు రోజులుగా ఊరికే ఉంది. దాన్ని శిక్షణకు ఇవ్వడానికి లేదు, రూటుకు ఇవ్వడానికి అసలు లేదు. సొరుగు తాళం తీసి స్టోర్సు రిజిస్టరు ముందు కూర్చున్నాను. ఏ వాహనానికి అన్న గడిలో నాలుగు వేల నూట పదిహేడు అని రాశాను. ఇవ్వబడిన భాగము అన్న గడిలో, స్టీరింగుకు జతపరుచుటకు బస్సు ఒకటి, అని రాశాను. విడిభాగాన్ని వాహనం నంబరు మీద ఇవ్వవచ్చు. నియమావళి ఎక్కడా ఉల్లంఘన కాలేదు. సంతకం పెట్టి రిజిస్టరు మూశాను.

బస్సు తాళం సూరీడమ్మకు ఇచ్చాను. ఆమె మేస్టారి వైపు చూసింది. ఆయన ఎక్కి ఆమె పక్కన బానెట్టు మీద కూర్చున్నాడు. మిగతా పదకొండు మంది అభ్యర్థులకూ కబురంపి, దారిలో ఎక్కించుకున్నాడు. బస్సు గేటు దాటేటప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి గేటు గేటులాగే ఉంది, బస్సు రోడ్డు మీద ఉంది.

తర్వాతి సంగతి పంతుళ్లు చెప్పారు. ఘాటీలో మూడో మలుపు దగ్గర ఎదురుగా కలప లారీ వచ్చిందట. సూరీడమ్మ బ్రేకు మీద పడలేదు, గేరు తగ్గించి, బండిని కొండవైపు ఒదిగించి, లారీ పోయేదాకా ఆపి, వెనక్కి జారనీయకుండా మళ్లీ ముందుకు కదిలించింది. బిడ్డ నిద్ర లేవలేదట. మేస్టారు అప్పటిదాకా చేతిబ్రేకు మీద పెట్టి ఉంచిన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడట. తిరుగు ప్రయాణం సాయంత్రానికి గానీ లేదు కాబట్టి, మధ్యాహ్నమంతా కొండతామరపల్లి సంత మైదానంలో పదకొండు మందినీ ఒక్కొక్కణ్నీ కూర్చోబెట్టి తిప్పాడు. అలా మూడు వారాలు నేర్పాక వాళ్లకూ సంతకాలు పెట్టాడు. సూరీడమ్మ పత్రం మీద ఆ సాయంత్రమే పెట్టాడు. ఆమెకు ముప్పై ఐదు నిండడానికి ఇంకా అయిదు రోజులున్నాయి.

నెల తిరిగాక ప్రధాన కార్యాలయం నుంచి సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. ఇంతవరకూ చుక్క డీజిలు తాగకుండా ఆదర్శంగా నడిచిన వాహనం నాలుగు వేల నూట పదిహేడు, సదరు డ్రైవరుకు అప్పగించిన మొదటి రోజునుంచే డీజిలు తాగుతోంది. ప్రయాణికుల ఫిర్యాదులు కూడా మూడు వచ్చాయి, మూడూ కిటికీ అద్దం గురించి. కారణం తెలపవలెను.

మెమో చదివి సూరీడమ్మకు అర్థమయ్యేలా చెప్పాను. ఏం రాయమంటావని అడిగాను. ఆమె ఖాకీ చొక్కా చేతులు మడుచుకుంది.

"మనుసులు ఎక్కేరు బాబూ," అంది. "మనుసులు ఎక్కితే బండి తాగుతాది. అదే రాసీండి."

అదే రాసి పంపాను. పదిహేను రోజులకు పరాంకుశం గారి సంతకంతో జవాబు వచ్చింది. డ్రైవరు వివరణ సంతృప్తికరంగా ఉంది. అయితే వాహనంలో మనుషులను ఎక్కించుకోవాలన్న నిర్ణయం ఏ స్థాయిలో జరిగినదో స్పష్టం చేయగలరు.

ఇలాంటి ప్రశ్నకు జవాబు ఎలా రాయాలో నాకు బాగా తెలుసు. పై స్థాయికి ఒక లేఖ, కింది స్థాయికి ఒక లేఖ రాసి, రెండు జవాబులూ వచ్చేదాకా ఫైలు పెండింగులో పెట్టవచ్చు. అలా పెట్టి పదవీ విరమణ చేసిన పెద్దలను ఎరుగుదును. ఆ రోజు ఎందుకో కాగితం ముందుకు లాక్కుని, సీనియర్ అసిస్టెంటు స్థాయిలో, అని ఒక్క ముక్క రాసి, కింద నా పేరు రాసుకున్నాను. అప్పుడే బయట బస్సు స్టార్టయింది. ఫైలు మూసి, టపాలో వేశాను.